అమ్మకు కీమో నడుస్తున్న నెలల్లో ఇల్లూ వీధీ చేయవలసిన పనులు

ఇంట్లో అమ్మకు క్యాన్సర్ అని తేలాక వైద్యం సంగతి డాక్టర్లు చూసుకుంటారు, కానీ వంట, ప్రయాణం, పిల్లల బడి, డబ్బు, రాత్రి కాపలా, వచ్చేపోయేవాళ్లకు జవాబులు అన్నీ ఇంటివాళ్ల మీదే పడతాయి. విశాఖలోని కంచరపాలెం, జ్ఞానాపురం, పెదవాల్తేరు వంటి పాత పేటల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఉండేవాళ్లకు ఆ భారం పంచుకునే చేతులు చాలానే దొరుకుతాయి. అయితే ఎవరికి ఏ పని, ఏ రోజు, ఎంతవరకు అప్పగించాలో ఇంటివాళ్లు ముందే ఆలోచించి పెట్టుకోకపోతే, ప్రేమతో వచ్చిన సాయం కూడా రోగికి అలసటగానే మిగులుతుంది. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ చికిత్స జరిగిన నెలల్లో మా కంచరపాలెం వీధి మా ఇంటి వెంట ఎలా నిలబడిందో దగ్గరుండి చూశాను కనుక, అదే దారిలో నడవవలసి వచ్చినవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను గమనించినంతలో, అమ్మ ఆ నెలలను తట్టుకోవడానికి రెండు విషయాలు తోడ్పడ్డాయి: ఆమె ఒంటి మీది పని బరువును నలుగురూ తీసుకోవడం ఒకటి, ఇంటి మీది పెత్తనం మాత్రం ఆమె చేతిలోనే ఉండటం రెండోది. మొదటిది దాదాపు అందరూ చేస్తారు, రెండోదాన్నే మరిచిపోతారు.

వీధికి ఏం చెప్పాలి

మొదట అమ్మనే అడగాలి. తన జబ్బు పేరు ఎవరెవరికి తెలియాలో నిర్ణయించే హక్కు ఆమెది. కొందరు తల్లులు అందరికీ చెప్పేస్తే మనసు తేలికపడుతుందంటారు, కొందరు ఇద్దరు ముగ్గురికి మించి తెలియకూడదంటారు. ఆమె సరేనన్నాక, ఇంట్లో ఒక్కరే వీధికి కబురు చెప్పే మనిషిగా ఉండాలి. తలా ఒక మాట చెబితే సాయంత్రానికి కుళాయి దగ్గర అది నాలుగు కథలవుతుంది, ఆ కథలు తిరిగి అమ్మ చెవికే చేరతాయి.

కబురు చెప్పేటప్పుడు తప్పకుండా కలపవలసిన మాట ఒకటుంది. క్యాన్సర్ ముట్టుకుంటే అంటదు, పక్కన కూర్చుంటే అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు. ఇది అందరికీ తెలిసిన సంగతే కదా అనుకుని వదిలేయకూడదు, ఎందుకంటే తెలిసినవాళ్ల ఇంట్లో కూడా పెద్దవాళ్లు ఆమెకు విడిగా గ్లాసు పెట్టడం, పసిపిల్లను ఆమె ఒళ్లోంచి మెల్లగా తీసుకోవడం జరుగుతూనే ఉంటుంది. ఆ చిన్న చేష్ట చేసే గాయం మందుల వల్ల వచ్చే నీరసం కంటే లోతుగా దిగుతుంది. జాగ్రత్త పడవలసింది ఒక్క విషయంలోనే: కీమో, అంటే క్యాన్సర్ కణాలను చంపే మందు, ఎక్కించిన తర్వాత సుమారు 48 గంటలపాటు మూత్రం, వాంతి వంటి వాటిలో మందు అవశేషాలు ఉంటాయి కనుక, వాటిని శుభ్రం చేసేవాళ్లు చేతికి గ్లౌజులు వేసుకోవాలి, మరుగుదొడ్డి మూత వేసి రెండుసార్లు నీళ్లు వదలాలి. ఎర్రటి మందు ఎక్కించిన రోజున మూత్రం ఎర్రగా వస్తే అది రక్తమని కంగారు పడనక్కరలేదు, ఆ మందు రంగే అంత.

ఆస్పత్రి, కాగితాలు

విశాఖవాసులకు ఈ చికిత్స కోసం ఊరు దాటి వెళ్లవలసిన అవసరం ఇప్పుడు చాలావరకు తగ్గింది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆస్పత్రి ఉంది, ప్రైవేటు ఆస్పత్రులూ ఉన్నాయి. ఎక్కడ చేరినా మొదటి రోజునే, ప్రభుత్వ వైద్య పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర కూర్చునే కౌంటర్‌కు వెళ్లి, ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అనిపించుకుని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద ఈ చికిత్స వస్తుందా అని అడగాలి. రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు నాలుగేసి తీసి ఉంచుకోవాలి. 70 ఏళ్లు నిండిన తల్లిదండ్రులకైతే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి కూడా విచారించాలి. చికిత్స కోసం వేరే ఊరికి రైల్లో వెళ్లవలసి వస్తే క్యాన్సర్ రోగికీ తోడు వెళ్లేవారికీ టికెట్ ధరలో రాయితీ ఉంటుంది, దానికి ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి.

కాగితాలన్నీ ఒకే ఫైల్లో, ఏ రకానికి ఆ రకం తేదీల వరుసలో ఉండాలి: బయాప్సీ రిపోర్టు ముందు, స్కాన్లు తర్వాత, రక్తపరీక్షలు చివర. ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచాలి. అర్ధరాత్రి మరో ఆస్పత్రికి వెళ్లవలసి వస్తే అక్కడి డ్యూటీ డాక్టరు మొదట అడిగేది ఏ మందు ఎక్కించారు, ఎప్పుడు ఎక్కించారు అన్నదే.

క్యాలెండరు మీద 21 రోజులు

ఈ మొత్తం వ్యవహారంలో ఇంటివాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ఒక గోడ క్యాలెండరు. చాలా రకాల కీమోలు 21 రోజులకు ఒకసారి ఇస్తారు. మందు ఎక్కించిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టి ఎర్ర కలంతో చుట్టాలి. మా ఇంట్లో వర్జ్యం, దుర్ముహూర్తం రాసి ఉండే గళ్ల పక్కనే, 7వ రోజు నుంచి 14వ రోజు దాకా పసుపు రంగు గీత గీసి ఉండేది. ఆ గీత ఎందుకో వీధిలో చాలామందికి తెలుసు, గుమ్మంలోకి వచ్చినవాళ్లు ముందు క్యాలెండరు వైపు చూసి తర్వాతే చెప్పులు విప్పేవారు.

మొదటి మూడు నాలుగు రోజులు వికారం, వాంతులు, నిద్రలేమి ఉంటాయి. వాంతులు ఆగడానికి ఇచ్చే మాత్రలను వాంతి వచ్చాక వేసుకుందామని ఆపకూడదు, డాక్టరుగారు రాసిన వేళకే వేయాలి. వాటితో పాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది కనుక మధుమేహం ఉన్న తల్లులకు ఆ రోజుల్లో షుగర్ తరచుగా చూడాలి. ఈ దశలో ఇంటికి కావలసింది వంట సాయం, పిల్లలను చూసే సాయం. అమ్మకు కావలసింది నిశ్శబ్దం. పోపు ఘుమఘుమ కూడా ఆమెకు కడుపులో తిప్పుతుంది కాబట్టి, వంట పక్కింట్లో జరిగి గిన్నెల్లో మా ఇంటికి వచ్చేది.

పసుపు గీత ఉన్న వారమే అసలైన జాగ్రత్తల వారం. అప్పుడు తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. ఇళ్లల్లో ‘కౌంట్ పడిపోయింది’ అనేది దీన్నే. మామూలు మనిషికి రెండు రోజుల జ్వరంతో పోయే ఇన్ఫెక్షన్ ఈ వారంలో గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. కనుక ఒక థర్మామీటర్ మంచం పక్కనే ఉండాలి, పొద్దునా సాయంత్రం చూసి నోటుబుక్కులో రాయాలి, ఒంట్లో ఏమాత్రం తేడా అనిపించినా మళ్లీ చూడాలి. 100.4 డిగ్రీలకు చేరితే, లేదా జ్వరం లేకపోయినా చలితో వణుకు వస్తే, తెల్లవారనిద్దాం అనుకోకూడదు. ఆస్పత్రి వాళ్లిచ్చిన నంబరుకు ఫోన్ చేసి వెంటనే బయల్దేరాలి. ముందుగా పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే జ్వరం అణిగి కనిపిస్తుందే గానీ లోపలి ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడే వీధి ఉండటం వల్ల కలిగే మేలు తెలుస్తుంది. కంచరపాలెం నుంచి అగనంపూడి 20 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, ఎన్ఏడీ కూడలి, గాజువాక, కూర్మన్నపాలెం దాటుకుని వెళ్లాలి. రాత్రి రెండింటికి బండి వెతుక్కునే స్థితి రాకూడదు. ప్రతి పసుపు వారానికీ ఇద్దరి పేర్లు ముందే అనుకోవాలి: ఒకరు ఆటో నడిపేవాళ్లు, ఆయన ఊళ్లో లేకపోతే రెండోవాళ్లు. ఇద్దరూ దొరకకపోతే 108. చిన్న సంచిలో ఫైలు, ఒక చీర, దుప్పటి, నీళ్ల సీసా, ఛార్జర్, కొంత నగదు సర్ది తలుపు వెనక కొక్కేనికి వేలాడదీయాలి. మా వీధి చివరనున్న ఆటో అన్నయ్య ఆ వారమంతా ఫోన్‌ను తలగడ పక్కనే పెట్టుకుని పడుకునేవాడని ఆయన భార్య తర్వాత మాకు చెప్పింది.

మూడో వారం మంచి వారం. ఆకలి తిరిగి వస్తుంది, ముఖంలో కళ వస్తుంది. చుట్టాలు రావడం, గుడికి వెళ్లడం, సాయంత్రం బీచ్ రోడ్డులో కాసేపు గాలికి కూర్చోవడం వంటివన్నీ ఈ వారానికే పెట్టుకోవాలి. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వెళ్లకపోతే మా అమ్మకు మనసు ఊరుకోదు, కానీ ఆ జనంలోకి పసుపు వారంలో వెళ్లకూడదు. ఎదురింటి వదిన అమ్మ పేరున పూజ చేయించి కుంకుమ తెచ్చింది. ఇలాంటి మొక్కులను కొట్టిపారేయకుండా ఆమె తరఫున మరొకరు తీర్చడం మంచి పద్ధతి.

పలకరింపులు

మన ఊళ్లలో జబ్బు మనిషిని చూడటానికి వెళ్లకపోతే తప్పుగా అనుకుంటారు. ఆ మర్యాదను కాదనకుండానే దాన్ని అమ్మకు అనువుగా మలచుకోవచ్చు. పసుపు వారంలో వచ్చినవాళ్లను వరండాలోనే కూర్చోబెట్టి, కిటికీ దగ్గర నుంచి మాట్లాడించవచ్చు. ‘ఏటి వదినా, ఎలాగుంది ఒంట్లో?’ అని కిటికీ ఊచల మధ్య నుంచి అడిగినా ఆ పలకరింపులో లోటేమీ ఉండదు. దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవాళ్లు ఏ వారమైనా రాకూడదు, ఇది సొంత అన్నదమ్ములకైనా వర్తిస్తుంది. లోపలికి వచ్చేవాళ్ల కోసం గుమ్మం దగ్గరే సబ్బు, నీళ్లు ఉంచితే ఎవరికీ చెప్పవలసిన పని లేకుండానే చేతులు కడుక్కుంటారు. మా వీధిలో అది రెండో సైకిల్, అంటే రెండో విడత కీమో, నాటికే అలవాటైపోయింది.

వచ్చినవాళ్లు చెప్పకూడని మాటలు కూడా ఉన్నాయి. ఇదే జబ్బుతో పోయిన బంధువుల కథలు, ఫలానా ఊళ్లో పసరు మందు ఇస్తారన్న సలహాలు, జుట్టు రాలిన తల చూసి కన్నీళ్లు పెట్టుకోవడం, ఇవేవీ రోగి ముందు వద్దు. జుట్టు సాధారణంగా మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాల్లో రాలుతుంది, చికిత్స ముగిశాక తిరిగి వస్తుంది. ముందే పొట్టిగా కత్తిరించుకుంటే దిండు మీద కుచ్చులు కుచ్చులుగా కనిపించే బాధ కొంత తగ్గుతుంది. పసర్లు, చూర్ణాలు, కషాయాలు తెచ్చినవాళ్ల మనసు నొప్పించకుండా, ‘డాక్టరుగారికి చూపించి వాడతామండీ’ అని తీసుకుని పక్కన పెట్టాలి, నిజంగానే డాక్టరుగారికి చూపించాలి. వాటిలో కొన్ని కీమో మందుల పనికి అడ్డు పడతాయి, కొన్ని కాలేయం మీద భారం వేస్తాయి.

సాయం అడిగే తీరు

‘ఏదైనా అవసరమైతే చెప్పమ్మా’ అని అందరూ అంటారు, మనస్ఫూర్తిగానే అంటారు. ఆ మాటకు ‘అలాగేనండీ’ అని ఊరుకుంటే ఆ సాయం అక్కడితో ఆగిపోతుంది. అడిగిన నోటికి అప్పుడే ఒక పని చెప్పాలి: ‘పిన్నీ, బుధవారం మేం ఆరింటికే బయల్దేరాలి, చిన్నదానికి జడ వేసి బడికి పంపే పని మీరు చూడాలి.’ రోజు, వేళ, పని మూడూ ఉన్న మాటకు ఎవరూ కాదనరు, చేసినవాళ్లకూ తృప్తిగా ఉంటుంది. పనిని చిన్న ముక్కలుగా చేసి ఎక్కువ ఇళ్లకు పంచాలి, ఎందుకంటే ఈ చికిత్స నెలల తరబడి సాగుతుంది, ఒకే పక్కింటి మీద మొత్తం వేస్తే మూడో సైకిల్‌కి వాళ్లూ అలసిపోతారు. కుళాయి నీళ్లు పట్టేవాళ్లు ఒకరు, రైతుబజారు నుంచి కూరలు తెచ్చేవాళ్లు ఒకరు, కరెంటు బిల్లు కట్టే కుర్రవాడు ఒకడు.

రక్తం ఇచ్చేవాళ్ల జాబితా కూడా వీధిలోనే ముందుగా తయారు చేసుకోవచ్చు. 18 నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. ఒకసారి ఇచ్చిన మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిల్వ ఉండవు కనుక వాటి కోసం అవసరమైన రోజునే దాతలు రావలసి ఉంటుంది. పేరు, గ్రూపు, చివరగా ఇచ్చిన తేదీ రాసిన ఒక కాగితం ఉంటే ఆ రోజున వెతుకులాట తప్పుతుంది.

గిన్నెల్లో ఏం పంపాలి

వండి వేడిగా ఉన్నది ఏదైనా మంచిదే. చోడి (రాగి) అంబలి, ఇడ్లీ, పెసరకట్టు, మెత్తటి పప్పన్నం, బాగా ఉడికించిన గుడ్డు, తాజా చేపతో కారం తగ్గించి పెట్టిన పులుసు ఇవన్నీ ఒంటికి పడతాయి. శరీరానికి మాంసకృత్తులు కావాలి కనుక పథ్యం పేరుతో చారన్నం మీదే ఉంచడం తప్పు. కోసి అమ్మే పండ్లు, బండి మీది చట్నీలు, పచ్చి కూరముక్కలు, మరిగించని నీళ్లు కౌంట్ పడిన వారంలో అసలు వద్దు. గుడి నుంచి వచ్చిన వేడి పులిహోర తినవచ్చు గానీ, తీర్థం, కొబ్బరి ముక్కలు ఆ వారానికి కళ్లకద్దుకుని పక్కన పెట్టడమే మంచిది.

నోటి రుచి మారిపోతుంది. స్టీలు చెంచాతో తింటే ఇనుము నాకినట్టుందని అమ్మ అనేది, చెక్క గరిటె, గాజు గిన్నె వాడితే కొంత నయమనిపించింది. నోరు పూస్తే ఉప్పు, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీటితో రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి. మూడు పూటలా కంచం నిండా పెట్టి బతిమాలడం కంటే, రెండేసి గంటలకు గుప్పెడు పెట్టడం మేలు. తినలేకపోతే తిట్టకూడదు, తినలేకపోవడం మొండితనం కాదు.

పెత్తనం ఆమెదే

అమ్మ కంచరపాలెంలోని మా వీధి పొదుపు సంఘానికి పుస్తకం రాస్తుంది. చికిత్స మొదలవగానే సంఘంలోని ఆడవాళ్లు ఆమెను శ్రమ పెట్టకూడదనే జాలితో ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి మరొకరికి అప్పగించారు. వాంతులను, సూదులను ఓర్చుకున్న మనిషి ఆ రోజు నుంచి గోడ వైపు తిరిగి పడుకుంది. కొన్నాళ్లకు తానే కబురు పంపి పుస్తకం తెప్పించుకుంది. అప్పటికి మందుల వల్ల వేళ్ల చివర్లు మొద్దుబారి కలం జారిపోతుండేది, నోట్లు లెక్కపెడితే రెండు అంటుకున్నా తెలిసేది కాదు. కలానికి పాత చీర అంచు ముక్క చుట్టి లావుగా చేసుకుంది. పక్కింటి తొమ్మిదో తరగతి పిల్ల నోట్లు లెక్కపెట్టి గట్టిగా చెబుతుంటే, అమ్మ అంకెలు వేసేది. గీతలు వంకరగా ఉన్నా కూడికలు ఒక్కటీ తప్పలేదు. మంచి వారాల్లో సంఘం మా వరండాలోనే కూర్చునేది. వాయిదా కట్టనివాళ్లను అమ్మ అడిగే గొంతు వీధిలోకి వినిపించిన రోజున నాన్న ముఖంలో కనిపించిన ధైర్యం నాకు ఇంకా గుర్తుంది.

ఆ పుస్తకం స్థానంలో మీ ఇంట్లో మరొకటి ఉంటుంది. బీరువా తాళాలు కావచ్చు, పాలవాడి లెక్క కావచ్చు, పండక్కి ఎవరికి ఏ చీర పెట్టాలన్న నిర్ణయం కావచ్చు. దాన్ని ఆమె నుంచి తీసేయకుండా, చేసే భాగం మరొకరికి ఇచ్చి చెప్పే భాగం ఆమెకు ఉంచాలి. కూర మరొకరు వండినా ఉప్పు సరిపోయిందో లేదో ఆమెనే అడగాలి. డాక్టరుగారి గదిలో ఆమె గురించి ఆమె తల మీదుగా మాట్లాడుకోకూడదు, ప్రశ్న ఆమెనే అడగమని, జవాబు ఆమెకే చెప్పమని మర్యాదగా కోరాలి. ధైర్యంగా ఉండమ్మా అని పదే పదే చెప్పడం వల్ల ఆమె మీద మరో బరువు పడుతుంది. ఏడవాలనిపించిన రోజున ఏడవనివ్వాలి. నొప్పిని ఓర్చుకోవడం గొప్పతనమని మన తల్లులు నమ్ముతారు కనుక నోరు విప్పి చెప్పరు. రోజూ ఒకసారి పదికి ఎంత నొప్పి అని అడిగి నోటుబుక్కులో రాయాలి, డాక్టరుకు చూపాలి. నొప్పికి మంచి మందులు ఉన్నాయి, మార్ఫిన్ రాసినా భయపడనక్కరలేదు, చెప్పిన మోతాదులో వాడటమే చేయవలసింది.

తుఫాను నెలలు, చికిత్స తర్వాతి నెలలు

విశాఖలో అక్టోబరు, నవంబరు నెలల్లో కీమో పడితే వాతావరణ హెచ్చరికలను కూడా క్యాలెండరులో కలుపుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నగరంలో కరెంటు, నీళ్లు, ఫోన్లు రోజుల తరబడి లేవు. తుఫాను కబురు వినగానే రెండు వారాల మందులు, మరిగించి చల్లార్చిన నీళ్లు, టార్చి, పవర్ బ్యాంకు సిద్ధం చేసుకోవాలి. ఆ రోజుల్లోనే పసుపు వారం పడితే ఆస్పత్రికి దగ్గర్లో ఉన్న బంధువుల ఇంటికి ముందే మారడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఫ్రిజ్‌లో ఉంచవలసిన ఇంజెక్షన్లు ఉంటే ఐసు డబ్బా కూడా కావాలి.

రాత్రుళ్లు అమ్మ పక్కన పడుకునే మనిషి వరుసగా అన్ని రాత్రులూ ఒక్కరే కాకూడదు. వారానికి రెండు రాత్రులైనా పిన్నో, అత్తో వచ్చి పడుకుంటే ఆ మనిషి కంటి నిండా నిద్రపోవచ్చు. నిద్ర లేని చేతులు మందు వేళలు తప్పుతాయి.

చివరి కీమో అయ్యాక వీధి సంబరపడుతుంది, సాయం ఆగిపోతుంది, మర్నాటి నుంచి అమ్మ మళ్లీ బిందెలు ఎత్తుతుందని ఇల్లు ఎదురుచూస్తుంది. ఆ నీరసం మాత్రం నెలలపాటు ఉంటుంది, వేళ్ల మొద్దుబారుడు ఇంకా ఎక్కువ కాలం ఉండవచ్చు. రొమ్ము ఆపరేషన్ జరిగి చంకలోని గ్రంథులు తీసినవాళ్లు ఆ వైపు చేతితో బరువులు ఎత్తడం గురించి, వ్యాయామాల గురించి ఫిజియోథెరపిస్టును అడిగి నేర్చుకోవాలి, ఆ చెయ్యి వాస్తే వెంటనే చూపించాలి. కనుక నీళ్లు పట్టే వంతు, కూరలు తెచ్చే వంతు మరో మూడు నెలలు కొనసాగించమని వీధిని ముందుగానే అడిగి ఉంచాలి. ఏ పని ఎప్పుడు తిరిగి తన చేతిలోకి తీసుకుంటుందో అమ్మనే చెప్పనివ్వాలి. తర్వాతి చెకప్ తేదీలను వచ్చే ఏడాది క్యాలెండరు కొన్న రోజునే అందులో రాసి పెట్టుకోవాలి.